మునిగిన రాజధానికి నిలిచిన సాక్ష్యం.. నాగార్జునకొండ మ్యూజియం

మాచర్ల: సాగర్ జలాశయం నడుమ దీవిగా కనిపించే నాగార్జునకొండ ఒకప్పుడు దీవి కాదు. కృష్ణా తీరాన, కొండల నడుమ విస్తరించిన లోయలో తలెత్తి నిలిచిన గిరి అది. క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో దాని పాదాల చెంత ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వర్ధిల్లింది. ఆ నగరం నేడు నీటి అడుగున ఉంది. అక్కడి నుంచి దక్కించుకున్న సంపద కొండపైని మ్యూజియంలో భద్రంగా ఉంది.

నీరు చేరకముందే..

మద్రాసు శాసన విభాగంలో తెలుగు సహాయకుడిగా పనిచేసిన ఎ.ఆర్.సరస్వతి 1926లో ఇక్కడి శిథిలాలను గుర్తించారు. 1927 నుంచి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ ఆధ్వర్యంలో తవ్వకాలు సాగాయి. ఆనకట్ట నిర్మిస్తే లోయ మునిగిపోతుందని తేలడంతో 1954లో ఆర్.సుబ్రహ్మణ్యం నేతృత్వంలో పురావస్తు శాఖ మళ్లీ పలుగు పట్టింది. 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. ఒకవైపు ఆనకట్ట పనులు సాగుతుండగానే మరోవైపు 1960 వరకు తవ్వకాలు జరిగాయి. తొమ్మిది కట్టడాలను విడదీసి తరలించి కొండపై యథాతథంగా పునర్నిర్మించారు. మరో పద్నాలుగింటికి పెద్ద నమూనాలు చేయించారు. మెట్ల వరుసలు గల ప్రేక్షకశాలను కుడి గట్టున అనుపు వద్దకు చేర్చారు. బౌద్ధ విహారాన్ని తలపించే మ్యూజియం భవనం 1966లో సిద్ధమైంది.

రాతి గొడ్డలి నుంచి రాజశాసనం వరకు..

ఇక్కడి సేకరణ ఒక్క బౌద్ధానికే పరిమితం కాదు. ఆదిమానవుల రాతి పనిముట్లు, మట్టి పాత్రలు, పూసలు, నాణేలు, శాసనాలు వరుసగా దర్శనమిస్తాయి. లేత ఆకుపచ్చ ఛాయ గల సున్నపురాతిపై బుద్ధుని జీవిత ఘట్టాలు, జాతక కథలు సజీవంగా మలచబడ్డాయి. నిలువెత్తు బుద్ధ విగ్రహం సందర్శకులను కట్టిపడేస్తుంది. లోయలో రోమన్ బంగారు నాణేలు సైతం లభించడం నాటి విదేశీ వాణిజ్యానికి నిదర్శనం.

రాజులు యాగాలు.. రాణులు చైత్యాలు

వంశ స్థాపకుడు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదిక మతాభిమాని. ఆయన సోదరి శాంతిశ్రీ మాత్రం మహాచైత్యానికి ప్రధాన పోషకురాలు. ఆమె దానాలను బ్రాహ్మీ లిపిలోని ప్రాకృత శాసనాలు పేర్కొంటున్నాయి. బోధిశ్రీ అనే ఉపాసిక శాసనంలో సింహళ భిక్షువులతో పాటు కాశ్మీరం, గాంధారం, చీనా దేశాల ప్రస్తావన కనిపిస్తుంది. శివ, కార్తికేయ ఆలయాల ఆనవాళ్లూ అదే లోయలో బయల్పడ్డాయి. భిన్న మతాలు ఒకే నగరంలో పక్కపక్కనే మనుగడ సాగించాయనడానికి ఇంతకు మించిన ఆధారం అక్కరలేదు.

ముందుగా చూడవలసింది..

మ్యూజియంలోకి అడుగిడిన వారు శిల్పాల కంటే ముందు లోయ నమూనాను పరిశీలించడం మేలు. ఏ చైత్యం ఎక్కడ ఉండేదో, నది ఎటు పారేదో అందులో తెలుస్తుంది. ఆ తరువాత చూస్తే ప్రతి రాయికీ ఒక చిరునామా ఉందని, ఆ చిరునామా ఇప్పుడు నీటిలో ఉందని అర్థమవుతుంది. సాగర్ కుడి, ఎడమ కాలువలు లక్షలాది ఎకరాలకు ప్రాణం పోశాయి. ఆ పంటకు లోయ చెల్లించిన మూల్యం ఏమిటో ఈ గదుల్లోనే తెలుస్తుంది.

చేరుకునేదిలా..

దీవికి విజయపురి సౌత్ రేవు నుంచి లాంచీలో వెళ్లాలి. మ్యూజియానికి శుక్రవారం సెలవు. గాలి, నీటి ఉద్ధృతిని బట్టి లాంచీలు నిలిపివేసే అవకాశం ఉన్నందున ముందుగా వాకబు చేసుకుని బయలుదేరడం మంచిది. అనుపును రోడ్డు మార్గంలో చూడవచ్చు. దీవిని, అనుపును రెండింటినీ దర్శిస్తేనే విజయపురి చిత్రం పూర్తవుతుంది.