తరం
తరం అంటే ఒక వంశవృక్షంలో మూలపురుషుడి నుంచి ఒకే అంచెలో ఉన్నవారు. విస్తృతార్థంలో దాదాపు ఒకే కాలంలో పుట్టి పెరిగినవారు. తల్లిదండ్రుల పుట్టుకకూ పిల్లల పుట్టుకకూ మధ్య వ్యవధిగా దీన్ని సాధారణంగా 25–30 ఏళ్లుగా లెక్కిస్తారు.

శ్రాద్ధకర్మలో తండ్రి, తాత, ముత్తాత అనే మూడు తరాలకు పిండప్రదానం చేస్తారు. 1955 హిందూ వివాహ చట్టం పెళ్లికి అడ్డంకి అయ్యే సపిండ బంధుత్వాన్ని తల్లి వైపు మూడు, తండ్రి వైపు ఐదు తరాల వరకు గుర్తించింది. లెక్క ఆ వ్యక్తితోనే మొదలవుతుంది: తాను ఒకటి, తల్లి రెండు, అమ్మమ్మ తాతయ్యలు మూడు. ఈ లెక్కన మేనమామ కూతురు సపిండురాలే. అయినా చట్టం ఆచారానికి మినహాయింపు ఇవ్వడంతో తెలుగువారి మేనరికాలు చెల్లుతున్నాయి.

సామాజిక శాస్త్రంలో కార్ల్ మాన్‌హైమ్ 1928 నాటి వ్యాసం ఈ భావనకు పునాది. పుట్టిన సంవత్సరం ఒక్కటే చాలదని, యవ్వనంలో పంచుకున్న చారిత్రక అనుభవమే తరాన్ని రూపొందిస్తుందని ఆయన వాదన.

జన్యుశాస్త్రంలో సంకరం వల్ల పుట్టినది మొదటి తరం. సంకర మొక్కజొన్నలో దాని ఏకరూపత, దిగుబడి రెండో తరంలో నిలవవు. రైతులు ఏటా కొత్త విత్తనం కొనడం అందుకే.

సాంకేతికతకూ ఈ మాట వర్తిస్తుంది. భారత్‌లో అయిదో తరం మొబైల్ సేవలు 2022 అక్టోబరు 1న ప్రారంభమయ్యాయి. ‘ఎవరి తరమూ కాదు’ అన్నప్పుడు మాత్రం తరం అంటే శక్యం, సాధ్యం.