ఉషశ్రీ గొంతు వెనక నానమ్మ

నాకు ఆడియో పిచ్చి అని మా టీమ్‌లో అందరికీ తెలుసు. మొదటి బోనస్‌తో అందరూ బండి కొంటే నేను హెడ్‌ఫోన్లు కొన్నా! ఈ జబ్బు అంటుకున్నది మాత్రం పాల్వంచ దాటి భద్రాచలం వెళ్ళే దారిలో, అడవి అంచున ఉన్న మా తాతయ్య ఇంట్లో. అప్పట్లో అది ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం.

తాతయ్యకి రేడియో అంటే విజయవాడ కేంద్రమే. మీడియం వేవ్, 837 కిలోహెర్ట్జ్. భక్తిరంజనిలో బాలమురళి పాడిన రామదాసు కీర్తనలు, శ్రీరామనవమికి ఉషశ్రీ కళ్యాణ వ్యాఖ్యానం. గుడి అంత దగ్గర్లో ఉన్నా కళ్యాణం రేడియోలోనే బాగా కనబడుతుందనేవాడు. ఉషశ్రీ 1990లో పోయారు, కాబట్టి నేను విన్నది తాతయ్య టేపుల్లోనే.

మీడియం వేవ్‌లో స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య ఎడం 9 కిలోహెర్ట్జే. అందుకే మామూలు రేడియోలో సుమారు నాలుగున్నర కిలోహెర్ట్జ్ పైన ఏమీ మిగలదు. పైగా ఎక్కడ మెరుపు మెరిసినా గరగర. ఈ గరగర మీద పగబట్టినవాడు ఆర్మ్‌స్ట్రాంగ్. సంకేతం ఎత్తుని కాకుండా ఫ్రీక్వెన్సీని మారిస్తే గోల చాలావరకు పోతుందని 1935లో న్యూయార్క్‌లో చేసి చూపించాడు. మన దేశంలో ఎఫ్ఎం 1977లో మద్రాసులో మొదలైంది. నా చిన్నప్పుడు నాన్న ఎఫ్ఎం ఉన్న రేడియో కొనుక్కొచ్చి కొత్తగూడెం ఆకాశవాణి పెట్టారు. ఏదో భజన. తాళాలు 'ణంగ్' మని మోగి, ఆ మోత సన్నగా అణిగిపోవడం కూడా వినిపించింది. రాత్రిపూట అడవి పక్క ఊరు, ఇంకే చప్పుడూ లేదు. అంతే, పడిపోయా.

సరే, అసలు సంగతి. 80ల మొదట్లో తాతయ్య ఓ నవమి రోజున ఎవరిదో టేప్‌రికార్డర్ అడిగి తెచ్చి, రేడియో ముందు పెట్టి ఉషశ్రీ వ్యాఖ్యానం ఎక్కించుకున్నాడు. మొన్న సంక్రాంతికి ఆ క్యాసెట్ కంప్యూటర్‌లోకి ఎక్కించా. బుసబుస భరించలేక, మాటల మధ్య ఖాళీల్లో శబ్దాన్ని కోసేసే ఫిల్టర్ వేశా. ఎంత నీట్‌గా వచ్చిందో! ఒరిజినల్ డిలీట్ చేసే ముందు రెండూ పక్కపక్కన పెట్టి విన్నా.

ఆ టేప్‌రికార్డర్లలో ఆటో లెవెల్ కంట్రోల్ అని ఒకటుండేది. ఎదుట శబ్దం తగ్గితే మైకు బలాన్ని అదే పెంచేస్తుంది. మాలాంటివాళ్ళకి అదంటే ఒళ్ళుమంట. తలంబ్రాల ముందు ఉషశ్రీ ఒక్క క్షణం ఆగారు. బుస మెల్లగా పైకి లేచింది. అందులోంచి ఓ ఆడగొంతు: "సప్పుడు చెయ్యకండిరా, మీ నాయన రికార్డు చేస్తున్నాడు."

నానమ్మ. నేను పుట్టకముందే పోయింది. ఇంట్లో ఒక్క ఫొటో ఉంది, గొంతు ఎక్కడా లేదు. నేను నీట్‌గా కోసేసింది దాన్నే.

నాన్నకి హెడ్‌ఫోన్లు పెట్టా. విని, కాసేపాగి "ఇంకోసారి పెట్టరా" అన్నారు. ఆ చప్పుడు చేసింది ఆయనేనట.

హై ఫై అంటే ఉన్నదున్నట్టు వినిపించడం అని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పేవాణ్ణి. ఫిల్టర్ తీసేశా. మీ ఇంట్లో పాత క్యాసెట్లుంటే ఎక్కించండి, కానీ శుభ్రం చేసే ముందు ఒక్కసారి ఖాళీలు కూడా వినండి.