అనిశ్చిత తర్కం: సింగరేణి గనుల్లో

చేతిలో పూర్తి సమాచారం లేకపోయినా సబబైన నిర్ణయానికి రావడానికి వాడే తర్కపద్ధతులను అనిశ్చిత తర్కాలు అంటారు. సంప్రదాయ తర్కంలో ఒక మాట నిజమైనా కావాలి, అబద్ధమైనా కావాలి. సింగరేణి బొగ్గు గనులున్న గోదావరిఖనిలో, బాయి (గని) దిగి భద్రత చూసే మైనింగ్ సర్దార్‌కు ఆ సౌకర్యం లేదు. కర్రతో పైకప్పును తట్టి వింటాడు. ఖంగుమంటే గట్టి రాయి. బోలుగా మోగితే పొర విడిందని అనుమానం. ఆ చప్పుడు సాక్ష్యమే, రుజువు మాత్రం కాదు.

అనిశ్చితి అంతా ఒకే జాతిది కాదు. ఒకటి, హద్దులు మసకగా ఉండటం. మన బొగ్గు గనుల్లో పైకప్పును సీఎంఆర్‌ఐ (కేంద్ర గనుల పరిశోధన సంస్థ) పద్ధతిలో 100 మార్కులకు బేరీజు వేస్తారు: పొర మందానికి 30, పగుళ్ల తీరుకు 25, తడికి చెదరని గుణానికి 20, రాతి బలానికి 15, నీటి ఊటకు 10. బలహీనానికీ మధ్యరకానికీ మధ్య గీత 40 దగ్గర. అయితే 39 వచ్చిన రాయికీ 41 వచ్చిన రాయికీ నిజంగా ఉన్న తేడా ఎంత? లోట్ఫీ జాదే 1965లో ప్రతిపాదించిన మసక సమితులు, వాటిపై పెరిగిన ఫజీ లాజిక్, అలాంటి కప్పును కొంత బలహీనం, కొంత మధ్యరకం అని రెండు వర్గాల్లోనూ చేరుస్తాయి. ఎంత ఆసరా కట్టాలన్న నిర్ణయం అప్పుడు ఒక్క మార్కు మీద వేలాడదు.

రెండోది సంభావ్యత. కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే బొగ్గు తనంతట తాను రాజుకుంటోందేమోనని భయం. కానీ బ్లాస్టింగ్ పొగలోనూ ఆ వాయువు ఉంటుంది. 1763లో అచ్చయిన బేయస్ సూత్రం ప్రకారం, అదే రీడింగు బ్లాస్టింగ్ జరిగిన చోట కొద్దిగానూ, మూసేసిన పాత గోఫ్‌లో (బొగ్గు తీసి వదిలేసిన చోట) గట్టిగానూ అనుమానాన్ని పెంచుతుంది.

మూడోది, తీర్మానం మార్చుకోవాల్సి రావడం. రేమండ్ రైటర్ 1980లో రూపొందించిన డిఫాల్ట్ తర్కం, కొత్త సాక్ష్యం రాగానే పాత తీర్మానాన్ని వెనక్కి తీసుకోనిస్తుంది. తనిఖీలో బాగున్న చోటు మధ్యాహ్నానికి బాగుండకపోవచ్చు కదా.

అన్నిటికన్నా గడ్డుది బొత్తిగా తెలియకపోవడం. పాత పనుల్లో (లోగడ తవ్వి వదిలేసిన చోట్ల) నీరుందో లేదో తెలియనప్పుడు సగానికి సగం అవకాశం అనుకోవడం పొరపాటు. డెంప్‌స్టర్ 1967లో మొదలుపెట్టి, షేఫర్ 1976లో విస్తరించిన సాక్ష్య సిద్ధాంతం తెలియనితనానికి విడిగా చోటిస్తుంది. పాత పనులకు 60 మీటర్ల దగ్గరికి వస్తే ముందుగా బోరు వేసి చూడాలన్న గని నిబంధనలోని వివేకమూ ఇదే. గనిలో నీటి ముప్పు ఎంతటిదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు: 2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలోకి నీరు విరుచుకుపడి 17 మంది కార్మికులు చనిపోయారు.