సిక్కు ప్రవర్తనా నియమావళి: ప్రామాణ్యం ఎక్కడిది?

నాందేడ్‌లో సిక్కుల తఖ్త్ హుజూర్ సాహిబ్‌ను దాటిన గోదావరి బాసర మీదుగా ప్రవహించి జగిత్యాల ప్రాంతంలోని ధర్మపురికి చేరుతుంది. సిరిసిల్లను ఆనుకొని పారే మానేరు కూడా చివరికి ఆ గోదావరిలోనే కలుస్తుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలతో పాటు నాందేడ్ కూడా 1948 వరకు నిజాం సంస్థానంలోనూ, 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోనూ ఒకే పాలన కింద ఉండేది. అయినా ఈ పట్టణాలలో సిక్కు ధర్మం అనగానే అది ఎక్కడో పంజాబుకు సంబంధించిన విషయమన్న భావనే ఎక్కువ. నిజానికి సిక్కు ధార్మిక నియమాలకు సంబంధించిన ఒక మౌలిక వివాదం ఈ నది ఒడ్డునే సజీవంగా ఉంది. 1945లో అమృత్‌సర్‌లో ఆమోదం పొందిన నియమావళి ఒకవైపు, నాందేడ్‌లో తరతరాలుగా సాగుతున్న మర్యాద మరొకవైపు. ఈ రెండింటిలో ఏది ప్రామాణికం? ఎందువల్ల? ఉసూలె ఫిఖ్హ్ చదివిన వారికి ఈ ప్రశ్న కొత్తది కాదు.

గ్రంథం, రహత్‌నామాలు

సిక్కుల ధర్మగ్రంథాన్ని ఐదవ గురువు అర్జన్ 1604లో కూర్పు చేశారు. గురువుల వాక్కులతో పాటు బాబా ఫరీద్, కబీర్, నామ్‌దేవ్, రవిదాస్ మొదలైన వారి పలుకులకూ అందులో చోటు లభించింది. పదవ గురువు గోవింద్ సింగ్ 1708లో నాందేడ్‌లో కన్నుమూసే ముందు, ఇక మీదట ఈ గ్రంథమే గురువని ప్రకటించారని సిక్కుల విశ్వాసం. అయితే ఈ గ్రంథంలో అధిక భాగం దైవస్తుతి, నామస్మరణ, నీతిబోధ. వివాహం, శిక్ష, ఆహారం వంటి వాటికి సంబంధించిన ఆదేశాలు అందులో బహు స్వల్పం.

కనుక ఆచరణకు కావలసిన నియమాలు మరో మార్గాన వచ్చాయి. 1699లో ఆనంద్‌పూర్‌లో ఖాల్సా ఏర్పడిన తర్వాత ఖాల్సా సభ్యుని నడవడిని వివరించే రహత్‌నామాలు వెలువడ్డాయి. భాయీ నంద్‌లాల్, చౌపా సింగ్, ప్రహ్లాద్ సింగ్, దేసా సింగ్ మొదలైన వారి పేర్లతో ఇవి ప్రచారంలో ఉన్నాయి. గురువు సన్నిహితులే వీటిని వ్రాశారన్నది సంప్రదాయం. ఆధునిక పరిశోధకులలో డబ్ల్యూ. హెచ్. మెక్‌లియడ్ వంటి వారు మాత్రం వీటిలో పలు రచనలు గురువు తదనంతర కాలానివని నిర్ణయించారు. హదీసు శాస్త్రంలో ఉల్లేఖకుల పరంపరను, అంటే సనదును, పరీక్షించే పద్ధతి ఉంది. రహత్‌నామాలకు అటువంటి పరంపర లేదు. అందువల్ల వ్రాతప్రతి కాలాన్ని, భాషను, లోపలి సాక్ష్యాన్ని బట్టే వాటి విలువ కట్టవలసి వస్తుంది.

ఈ రచనలలో కొన్నింట ముస్లిముల పట్ల కఠినమైన మాటలున్నాయి. పంజాబులో మొగల్ అధికారులకూ ఖాల్సాకూ మధ్య ఘోర సంఘర్షణ నడిచిన 18వ శతాబ్దపు ముద్ర అది. దాన్ని దాచడం గానీ, ఈనాటి సిక్కు సమాజానికి అంటగట్టడం గానీ న్యాయం కాదు. నియమాలు ఎలా మారాయో గమనిస్తే ఈ విషయం బోధపడుతుంది. పాత రహత్‌నామాలు ముస్లిం స్త్రీతో సంబంధాన్ని ప్రత్యేకంగా నిషేధించాయి. 1945 నియమావళిలో అది పరస్త్రీ, పరపురుష సంబంధాలన్నింటికీ వర్తించే సాధారణ నిషేధంగా మారింది. జబీహా మాంసాన్ని, అంటే సిక్కులు ‘కుత్థా’ అని పిలిచేదాన్ని, తినరాదన్న నియమం మాత్రం అలాగే నిలిచింది. కేశఖండన, పొగాకు, వ్యభిచారాలతో పాటు అది నేటికీ నాలుగు మహాపరాధాలలో ఒకటి.

పంథ్ నిర్ణయం

ఒక నియమాన్ని నిలిపి, మరొకదాన్ని మార్చే అధికారం ఎవరిది? 18వ శతాబ్దంలో సర్బత్ ఖాల్సా పేరిట సమావేశమై గ్రంథం సమక్షంలో చేసిన తీర్మానాన్ని గుర్‌మతా అనేవారు. మహారాజా రంజిత్ సింగ్ కాలంలో ఆ పద్ధతి వెనుకబడింది. 1873లో మొదలైన సింగ్ సభ ఉద్యమం, 1920లో ఏర్పడిన శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ ఈ ప్రశ్నను మళ్లీ ముందుకు తెచ్చాయి. 1931లో నియమావళి రచనకు ఉపసంఘం ఏర్పడింది. సుదీర్ఘ చర్చల అనంతరం 1945లో ‘సిక్కు రహత్ మర్యాద’ తుది రూపం దాల్చింది.

పైకి చూస్తే ఇది ఇజ్మాను పోలి ఉంది. కానీ మౌలికమైన తేడా ఒకటుంది. ఫిఖ్హ్‌లో ఇజ్మా అన్నది ముజ్తహిదుల ఏకాభిప్రాయం. ఖుర్ఆన్, సున్నతుల స్పష్టమైన ఆదేశాన్ని అది రద్దు చేయజాలదు. సిక్కు సిద్ధాంతం ప్రకారం గురుత్వం గ్రంథానికీ పంథ్‌కూ కలిపి సంక్రమించింది. కనుక పంథ్ ఒక పాత రహత్‌నామా నియమాన్ని త్రోసిపుచ్చగలదు.

నాందేడ్ వాదన

1925 నాటి గురుద్వారాల చట్టం పంజాబుకే పరిమితం. నిజాం సంస్థానంలోని నాందేడ్ దాని పరిధిలోకి రాలేదు. ఇక్కడి సిక్కు సమాజ చరిత్ర కూడా వేరు. దీవాన్ చందూలాల్ కాలంలో, 1832 ప్రాంతంలో, రంజిత్ సింగ్ పంపిన సైనికదళం హైదరాబాదుకు వచ్చింది. ‘లాహోరీ ఫౌజ్’గా పేరొందిన ఆ దళం వారసులే దక్కనీ సిక్కులలో ఒక ముఖ్య భాగం. హుజూర్ సాహిబ్ ప్రస్తుత కట్టడం కూడా రంజిత్ సింగ్ హయాంలో, 1832–1837 మధ్య నిర్మించినదే.

హుజూర్ సాహిబ్‌లో గురు గ్రంథ్ సాహిబ్‌తో పాటు దసమ్ గ్రంథాన్ని కూడా ప్రతిష్ఠిస్తారు. దీపాలతో ఆరతి ఇస్తారు, ఆయుధాలకు తిలకం దిద్దుతారు. దసరాకు ఝట్కా పద్ధతిలో మేకను వధించే ఆచారమూ ఉంది. 1945 నియమావళి దృష్టిలో గురు గ్రంథ్ సాహిబ్‌కు సమానంగా మరో గ్రంథాన్ని ప్రతిష్ఠించడం, దీపాల ఆరతి గురుమతానికి విరుద్ధం.

నాందేడ్ పక్షం ఇచ్చే సమాధానం సరళమైనది: పదవ గురువు చివరి రోజులు గడిచింది ఇక్కడ, ఆయన కాలం నుండి చేతి నుండి చేతికి అందిన ఆచరణ ఇది, దీనికి కాగితం అవసరం లేదు. ఈ మాట వింటే ఇమామ్ మాలిక్ (రహ్మ, మ. 179 హిజ్రీ/795) గుర్తుకు రాక మానరు. మదీనా ప్రజల ఆచరణ వేలాదిమంది నుండి వేలాదిమందికి సంక్రమించింది కనుక అది ఏకవ్యక్తి ఉల్లేఖనం కంటే బలమైనదని ఆయన అభిప్రాయం. ఇమామ్ లైస్ బిన్ సఅద్ (రహ్మ) ఆయనకు లేఖ వ్రాసి విభేదించారు. సహాబాలు మదీనాలోనే ఆగిపోలేదు, ఇతర నగరాలకూ వెళ్లారన్నది ఆయన వాదం. తర్వాత ఇమామ్ షాఫయీ (రహ్మ, మ. 204 హిజ్రీ/820) స్థానిక ఆచరణ కంటే ప్రామాణిక హదీసుకే పెద్దపీట వేశారు.

ఈ పోలికకు హద్దు ఉంది. మదీనాలో దైవప్రవక్త (స) తర్వాత ఒక పెద్ద సమాజం నిరాటంకంగా జీవించింది. నాందేడ్‌లో 1708 తర్వాత మిగిలినవారు కొద్దిమంది. సమాజం బలపడింది 1832 తర్వాతే. కనుక పరంపర తెగలేదన్న మాట చరిత్ర ముందు నిలబడాలి. అయితే సంస్కర్తల వాదానికీ ఇదే పరీక్ష వర్తిస్తుంది. వారు ‘శుద్ధమైనది’ అన్నది కూడా సింగ్ సభ కాలపు పరిస్థితులలో రూపొందినదే.

చట్టం ప్రవేశం

ఈ వివాదం ఈనాటికీ ముగియలేదు. అయినా నాందేడ్ ఐదు తఖ్త్‌లలో ఒకటిగా గౌరవం పొందుతూనే ఉంది. ఒక సమాజం ఆచార భేదాన్ని భరిస్తూ ఐక్యతను నిలుపుకోగలదనడానికి ఇది నిదర్శనం. పాలన విషయంలో మాత్రం మూడవ అధికారం ప్రవేశించింది. రాష్ట్రం రద్దు కావడానికి కొద్దికాలం ముందు, 1956లో, హైదరాబాదు శాసనసభ నాందేడ్ గురుద్వారాకు ప్రత్యేక చట్టం చేసి బోర్డును ఏర్పరచింది. 2024 ఫిబ్రవరిలో మహారాష్ట్ర ప్రభుత్వం ఆ బోర్డులో తాను నియమించే సభ్యుల సంఖ్య పెంచబోయింది. సిక్కుల నుండి నిరసన రావడంతో వెనక్కి తగ్గింది. మర్యాద విషయంలో విభేదించే అమృత్‌సర్, నాందేడ్ పక్షాలు రెండూ ఆ సందర్భంలో ఒకే మాట మీద నిలిచాయి.

గ్రంథం, పరంపర, సమాజ నిర్ణయం – ఈ మూడింటికీ తన ధర్మంలో ఏ స్థానం ఉందో ప్రతి సమాజమూ తనే తేల్చుకోవాలి. అది తేల్చుకోలేని చోట ఆ పని ప్రభుత్వ గెజెట్ చేస్తుంది. గోదావరి ఎగువన జరిగిన ఈ చరిత్రలో దిగువన ఉన్న ముస్లిములు కూడా ఆలోచించదగిన విషయం ఇదే.