కళాశాలకు మార్కులు వేసేదెవరు?



మన పిల్లల్ని కాలేజీలో చేర్చడానికి వెళ్ళినప్పుడు గేటు దగ్గర ఒక పెద్ద బోర్డు కనిపిస్తుంది. దానిమీద కళాశాల పేరు ఉంటుంది. దాని కింద ఫలానా విశ్వవిద్యాలయానికి అనుబంధం అని ఉంటుంది. ఆ కింద ‘న్యాక్ ఏ గ్రేడు’ అనో, ‘బి ప్లస్ ప్లస్’ అనో పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. ఫీజెంత, హాస్టలుందా, మన ఊరి బస్సు అక్కడ ఆగుతుందా అని మనం అడుగుతాం. ఆ అక్షరం ఎవరిచ్చారు, ఏం చూసి ఇచ్చారు అని మాత్రం అడగం. ఈనాటి ప్రసంగంలో ఆ అక్షరం వెనక ఉన్న చరిత్రను, అందులో విద్యార్థి పాత్రను తెలుసుకుందాం.

ముందుగా ఒక తేడా గమనించాలి. అనుబంధం వేరు, గుర్తింపు వేరు. అనుబంధాన్ని ఇంగ్లీషులో అఫిలియేషన్ అంటారు. మీ కళాశాల విద్యార్థులు మా పరీక్షలు రాయవచ్చు, మేము పట్టా ఇస్తాం అని విశ్వవిద్యాలయం చెప్పడమే అనుబంధం. గుర్తింపు అంటే అక్రెడిటేషన్. ఈ కళాశాలలో చదువు ఏపాటిగా ఉందో బయటివారు వచ్చి పరిశీలించి చెప్పే తీర్పు అది.

మొదటిది పాతది. 1854లో ఇంగ్లండు నుంచి వచ్చిన ఉడ్ విద్యా నివేదిక తరువాత, 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడ్డాయి. లండన్ విశ్వవిద్యాలయం నమూనాగా వచ్చిన ఈ మూడూ మొదట్లో పాఠం చెప్పే సంస్థలు కావు, పరీక్షలు పెట్టే సంస్థలు. పాఠం చెప్పే పని కళాశాలలది.

ఈ ఏర్పాటు మన సరిహద్దు ప్రాంతాలకు బాగా పరిచయమైనదే. బరంపురంలోని ఖల్లికోట కళాశాలనే తీసుకోండి. మొదట అది మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక దాని కిందికి వచ్చింది. 1936లో ఒరిస్సా రాష్ట్రమైంది, 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయం వచ్చింది, కళాశాల అటు మారింది. 1967లో బరంపురంలోనే విశ్వవిద్యాలయం వెలిసింది. కళాశాల ఉన్న ఊరు మారలేదు, పట్టా మీది ముద్ర మాత్రం మారుతూ వచ్చింది. బళ్ళారి సంగతీ అంతే. 1953 అక్టోబరు 1న ఆ జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరింది. తరువాత 1980లో గుల్బర్గా విశ్వవిద్యాలయం, 2010లో బళ్ళారిలోనే శ్రీకృష్ణదేవరాయల పేరిట విశ్వవిద్యాలయం వచ్చాయి. యానాం 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది. 1985లో ఏర్పడిన పాండిచ్చేరి విశ్వవిద్యాలయం నేడు అక్కడి ఉన్నత విద్యకు ఆధారం.

ఇన్ని ముద్రలు మారినా ఒక ప్రశ్న అలాగే మిగిలిపోయింది. తరగతి గదిలో పాఠం సరిగ్గా జరుగుతోందా? ఆ ప్రశ్నకు పరీక్షా ఫలితాలు సగం జవాబే చెబుతాయి. ఈ లోటును గట్టిగా ఎత్తిచూపిన వారిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఒకరు. ఆయన పుట్టిన తిరుత్తణి 1960 వరకు చిత్తూరు జిల్లాలో ఉండి, ఆ తరువాత మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అంటే ఆయనా మన సరిహద్దువాడే. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడుగా పనిచేశారు. ఆయన అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం మరుసటి ఏడాది నివేదిక ఇచ్చింది. పరీక్షల పద్ధతి మారడమే అన్నిటికన్నా ముందు జరగవలసిన సంస్కరణ అని ఆ సంఘం భావించింది. విశ్వవిద్యాలయాల నిధుల కోసం ఒక సంఘం ఉండాలనీ సూచించింది. 1953 డిసెంబరులో యూ.జి.సి. ప్రారంభమైంది, 1956లో దానికి చట్టబద్ధత వచ్చింది.

ఆ తరువాత మూడు దశాబ్దాల్లో కళాశాలలు ఊరూరా వెలిశాయి. సంఖ్య పెరిగింది, నాణ్యత మాటేమిటి అన్న చింత కూడా పెరిగింది. 1986 జాతీయ విద్యావిధానం నాణ్యతను మదింపు చేసే వ్యవస్థ కావాలన్నది. ఆ ఆలోచన ఫలితంగా 1994లో బెంగళూరు కేంద్రంగా యూ.జి.సి. ఒక స్వతంత్ర సంస్థను నెలకొల్పింది. అదే జాతీయ మదింపు, గుర్తింపు మండలి. దాని ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలు కలిపి న్యాక్ అంటున్నాం. ఇంజనీరింగు వంటి సాంకేతిక కోర్సుల కోసం అదే సంవత్సరం ఎన్.బి.ఏ. అనే మరొక మండలి ఏర్పడింది. న్యాక్ సంస్థ మొత్తాన్ని చూస్తుంది, ఎన్.బి.ఏ. ఒక్కొక్క కోర్సును విడిగా చూస్తుంది.

న్యాక్ పని ఎలా సాగుతుంది? ముందుగా కళాశాలే తన గురించి తాను ఒక స్వీయ అధ్యయన నివేదిక రాసుకోవాలి. పాఠ్యప్రణాళిక, బోధన, పరిశోధన, వసతులు, విద్యార్థులకు అందే సాయం, పాలన, విలువలు అని ఏడు అంశాలు. 2017లో వచ్చిన పద్ధతి ప్రకారం అనుబంధ కళాశాలలకు మొత్తం 1000 మార్కులైతే, అందులో 350 బోధనకూ అభ్యసనానికీ కేటాయించారు. అంటే భవనాల కన్నా పాఠానికే పెద్ద పీట. తరువాత ఇతర ప్రాంతాల అధ్యాపకులతో కూడిన బృందం వచ్చి చూస్తుంది. ఆ పద్ధతిలో నాలుగు పాయింట్ల కొలమానం మీద 3.51 గాని ఆపైన గాని వస్తే ఏ డబుల్ ప్లస్, 1.50 దాటకపోతే గుర్తింపు లేదు. సాధారణంగా ఆ గ్రేడు అయిదేళ్ళు చెల్లుతుంది. కాబట్టి బోర్డు మీద అక్షరంతో పాటు ఏ సంవత్సరం నాటిదో కూడా చూసుకోవాలి.

2024లో నిపుణుల సంఘం సిఫార్సుల మీద ఈ అక్షరాల పద్ధతిని మార్చి, గుర్తింపు ఉన్నది, లేనిది అని రెండే మాటల్లో చెప్పే విధానానికి మళ్ళాలని నిర్ణయించారు. పద్ధతి ఏదైనా మనం అడగవలసిన ప్రశ్న ఒక్కటే. ఈ తీర్పులో చదువుకునేవాడి మాట ఉందా?

నిజానికి విద్యార్థి మాటకు పాత చరిత్రే ఉంది. ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయంలో మధ్యయుగాల్లో విద్యార్థులే సంఘంగా ఏర్పడి గురువులను నియమించుకునేవారు. పాఠం ఆలస్యంగా మొదలుపెట్టిన గురువుకు జుల్మానా వేసేవారు. అంత దూరం మనం పోనక్కరలేదు. 2005లో ఐరోపా దేశాలు ఒప్పుకున్న ప్రమాణాల ప్రకారం నాణ్యతను పరిశీలించే బృందంలో విద్యార్థి కూడా సభ్యుడుగా ఉండాలి. మన దేశంలో న్యాక్ 2006ను నాణ్యతా రక్షణలో విద్యార్థి భాగస్వామ్య సంవత్సరంగా ప్రకటించింది. కళాశాల నాణ్యతను చూసుకునే అంతర్గత సంఘంలో విద్యార్థులకూ పూర్వ విద్యార్థులకూ చోటుంది. పరిశీలక బృందం వచ్చినప్పుడు విద్యార్థులతో, తల్లిదండ్రులతో మాట్లాడుతుంది. 2017 పద్ధతిలో న్యాక్ నేరుగా విద్యార్థుల ఈమెయిలుకు ఒక ప్రశ్నావళి పంపే ఏర్పాటు వచ్చింది. సిలబస్ ఎంతవరకు పూర్తయింది, మాస్టారు సిద్ధమై వస్తున్నారా, మార్కులు న్యాయంగా వేస్తున్నారా వంటి 20 ప్రశ్నలు అందులో ఉంటాయి. చివర మీ సూచనలు రాయడానికి ఖాళీ జాగా ఉంటుంది.

ఇక్కడే అసలు చిక్కు వస్తుంది. పరిశీలక బృందం వస్తోందంటే కొన్ని చోట్ల పెళ్ళిచూపుల హడావిడి మొదలవుతుంది. గోడలకు సున్నం, మొక్కలకు నీళ్ళు, ఎప్పుడూ తెరవని గదికి కొత్త తాళం. ఏం చెప్పాలో పిల్లలకు ముందే నూరిపోస్తారు. మార్కులు వేసే వ్యవస్థకే చీడ పట్టిన సందర్భమూ ఉంది. 2025 ఫిబ్రవరిలో గ్రేడు కోసం లంచాలు చేతులు మారాయన్న ఆరోపణతో పరిశీలక బృందం సభ్యులు సహా పలువురిని సి.బి.ఐ. అరెస్టు చేసింది. ఇలాంటప్పుడు రోజూ ఆ బెంచీ మీద కూర్చునే విద్యార్థి సాక్ష్యానికి విలువ ఇంకా పెరుగుతుంది.

‘నిజం రాస్తే మా కాలేజీ గ్రేడు తగ్గుతుంది, రేపు మా పట్టాకే విలువ పోతుంది కదా’ అని విద్యార్థులు అడగవచ్చు. ఆ భయం అర్థం లేనిది కాదు. కాని ఒక్క ప్రశ్నావళితోనే గ్రేడు తేలదు. దాచిన లోటు మాత్రం దిద్దుబాటు కాదు. మీ తరువాత అదే గదిలో మీ చెల్లెలో, పక్కింటి అబ్బాయో కూర్చుంటారు. లోటు రాసిన చేత్తోనే మంచినీ రాయండి. శ్రద్ధగా పాఠం చెప్పే మాస్టారి గురించి కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా.

సరిహద్దు జిల్లాల మనకు ఇందులో మరో స్వార్థం ఉంది. మన కళాశాలలో తెలుగు రెండవ భాషగా ఉందా? ఉంటే చెప్పడానికి అధ్యాపకుడున్నారా? గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలు ఎన్ని? ఇవన్నీ బోధనకూ వసతులకూ సంబంధించిన విషయాలే. పోస్టు ఖాళీగా ఉంటే ఆ సంగతి నివేదికలోకి ఎక్కాలి. కాగితం మీదికి ఎక్కని కొరత పైవారి దృష్టికి రాదు. ఏళ్ళు గడిచాక ‘తెలుగు తీసుకునేవాళ్ళే లేరు’ అనే మాటగా అది తిరిగి వస్తుంది.

కాబట్టి తల్లిదండ్రులకు ఒక మనవి. కళాశాల స్వీయ నివేదిక దాని వెబ్‌సైటులో ఉండాలి. చదవడం రాకపోతే పిల్లల చేత చదివించుకోండి. అందులో రాసినదీ, మీ అమ్మాయి ఇంటికొచ్చి చెప్పినదీ పోల్చి చూడండి. తేడా ఉంటే తల్లిదండ్రుల సమావేశంలో మర్యాదగా అడగండి. విద్యార్థులకు మరో మనవి. ప్రశ్నావళి వస్తే పక్కవాడిది చూసి నింపకండి, మీకు తెలిసినదే రాయండి.

ఏడాదికోసారి కళాశాల మీకు మార్కులు వేస్తుంది. మీరు కళాశాలకు మార్కులు వేసే అవకాశం ఎప్పుడో గాని రాదు. వచ్చినప్పుడు దాన్ని వృథా చేసుకోకండి.