జపాన్‌లో 280.. అమెరికాలో 320: ఒకే కారుకు రెండు పవర్ అంకెలు ఎందుకు? రామగుండం ప్లాంట్‌తో పోల్చి చూస్తే ఈజీ

ఒకే కంపెనీ.. ఒకే మోడల్.. ఇంజిన్ కోడ్ కూడా ఒకటే. కానీ జపాన్ బ్రోచర్‌లో 280 పీఎస్ అని, అమెరికా బ్రోచర్‌లో 320 హార్స్ పవర్ అని ఉంటుంది. 1993లో వచ్చిన టయోటా సుప్రా టర్బో సంగతి ఇది. నిస్సాన్ 300జెడ్‌ఎక్స్ ట్విన్ టర్బో కూడా అంతే. జపాన్‌లో 280, అమెరికాలో 300. మరి ఏ అంకె నిజం? దీని వెనక ఒకటి కాదు, నాలుగు కారణాలున్నాయి.

1. కొలమానమే వేరు

జపాన్, యూరప్ కంపెనీలు పవర్‌ను పీఎస్‌లో చెబుతాయి. ఒక సెకనులో 75 కిలోల బరువును ఒక మీటరు పైకి లేపే శక్తి ఒక పీఎస్. అంటే 735.5 వాట్లు. అమెరికా, బ్రిటన్ వాళ్ల హార్స్ పవర్ (హెచ్‌పీ) 745.7 వాట్లు. అందుకే 280 పీఎస్ అంటే 276 హెచ్‌పీ మాత్రమే. కానీ ఈ లెక్కతో పోయేది నాలుగు అంకెలే. మిగతా తేడా ఎక్కడిది?

2. గ్రాస్ వేరు.. నెట్ వేరు

ఇది రామగుండం వాళ్లకు తెలిసిన లెక్కే. ఎన్టీపీసీ పాత ప్లాంట్ సామర్థ్యం 2,600 మెగావాట్లు. 200 మెగావాట్ల యూనిట్లు మూడు, 500 మెగావాట్లవి నాలుగు. అయితే తయారైన కరెంటు మొత్తం గ్రిడ్‌కు పోదు. బొగ్గు పొడి చేసే మిల్లులు, ఫ్యాన్లు, పంపులు ప్లాంట్ లోపలే కొంత వాడేసుకుంటాయి. మిగిలిందే బయటికి వస్తుంది.

కారు ఇంజిన్‌దీ అదే కథ. ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్, ఫ్యాన్, ఆల్టర్నేటర్ లాంటివి లేకుండా ఒట్టి ఇంజిన్‌ను స్టాండ్ మీద పెట్టి కొలిస్తే వచ్చేది గ్రాస్ పవర్. అవన్నీ బిగించి కొలిస్తే నెట్. అమెరికా కంపెనీలు 1972 మోడళ్ల నుంచి నెట్ లెక్కకు మారాయి. జపాన్‌లో ఈ మార్పు 1980ల మధ్యలో వచ్చింది. అందుకే 1970ల నాటి డాట్సన్ 240జెడ్‌కు చెప్పే 151 హెచ్‌పీని నేటి కార్ల అంకెల పక్కన పెట్టి చూడటం కుదరదు. అది గ్రాస్ అంకె.

3. జపాన్‌లో పెద్దమనుషుల ఒప్పందం

1988లో జపాన్ రోడ్డు ప్రమాదాల్లో 10 వేల మందికి పైగా చనిపోయారు. స్పీడ్ పోటీ మీద విమర్శలు పెరిగాయి. దాంతో అక్కడి కార్ల కంపెనీలు 1989 నుంచి 280 పీఎస్ దాటకూడదని తమలో తామే ఒక మాట అనుకున్నాయి. అది చట్టం కాదు, కట్టుబాటు మాత్రమే. కాకపోతే కట్టుబడింది ఎక్కువగా కాగితం మీదే. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ బ్రోచర్‌లో 280 అని రాసినా, అసలు ఇంజిన్ 300 దాటేదన్నది ఆటో ప్రపంచంలో అందరికీ తెలిసిందే. 2004లో హోండా లెజెండ్ 300 పీఎస్‌తో రావడంతో ఆ ఒప్పందానికి తెర పడింది.

4. పార్టులు, పెట్రోల్ కూడా మారాయి

తేడా అంతా కాగితం మీదే అనుకుంటే పొరపాటు. జపాన్ సుప్రా టర్బోల్లో సిరామిక్ చక్రాలు వాడారు. తేలిక కాబట్టి త్వరగా తిరుగుతాయి, కానీ ప్రెషర్ బాగా పెంచితే పగిలిపోతాయి. ఎగుమతి కార్లకు స్టీల్ చక్రాలు, పెద్ద ఇంజెక్టర్లు వేశారు.

ఇక పెట్రోల్ సంగతి. బొగ్గుకు జీ-1 నుంచి జీ-17 దాకా గ్రేడ్లు ఉన్నట్టే పెట్రోల్‌కు ఆక్టేన్ నంబర్ ఉంటుంది. ఒక్కటే తేడా. బొగ్గు గ్రేడ్ ఎంత వేడి వస్తుందో చెబుతుంది. ఆక్టేన్ మాత్రం ఇంజిన్‌లో పెట్రోల్ ముందే భగ్గుమనకుండా ఎంత తట్టుకుంటుందో చెబుతుంది. జపాన్ బంకుల్లో హై ఆక్టేన్ రకం దాదాపు 100 ఉంటుంది. మన దగ్గర బీఎస్-6 వచ్చినప్పుడు సాధారణ పెట్రోల్‌కు కనీస ప్రమాణం 91గా ఉండేది. ఇండియన్ ఆయిల్ 100 ఆక్టేన్ పెట్రోల్ తెచ్చింది 2020 డిసెంబర్‌లో. హై ఆక్టేన్‌కు ట్యూన్ చేసిన ఇంజిన్‌లో తక్కువ ఆక్టేన్ పోస్తే నాకింగ్ వస్తుంది. పవర్ తగ్గడమే కాదు, పిస్టన్లు కూడా దెబ్బతినొచ్చు.

మన రాజ్‌దూత్ 350దీ ఇదే కథ

ఇందుకు ఇండియాలో మంచి ఉదాహరణ రాజ్‌దూత్ 350. యమహా ఆర్‌డీ 350బీ ఆధారంగా ఎస్కార్ట్స్ కంపెనీ 1983లో దీన్ని తెచ్చింది. అదే 347 సీసీ, అదే రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ ఇంజిన్. కానీ యమహా బండికి 39 హెచ్‌పీ ఉంటే, ఇక్కడి 'హై టార్క్' మోడల్‌కు 30.5, తర్వాత వచ్చిన 'లో టార్క్'కు సుమారు 27 మాత్రమే. మైలేజీ కోసం సైలెన్సర్ దారిని బిగించి పవర్ తగ్గించారు. అయినా మన కొనుగోలుదారులకు ఆ మైలేజీ చాలలేదు. దశాబ్దం ముగిసే సరికి బండి ఆగిపోయింది.

పాత బండి కొనేవాళ్లు ఏం చూడాలి?

* అంకె పీఎస్‌లో ఉందా, హెచ్‌పీలో ఉందా? రెండింటినీ కిలోవాట్లలోకి మార్చి పోల్చాలి.
* అది గ్రాసా, నెట్టా?
* బండి ఏ దేశం కోసం తయారైంది? ఏ ఆక్టేన్ పెట్రోల్ అడుగుతుంది?
* రాజ్‌దూత్ 350 అయితే హై టార్క్ అన్న మాట ఒక్కటే నమ్మొద్దు. ఇంజిన్, సైలెన్సర్ ఆ మోడల్‌వేనా అని తెలిసిన మెకానిక్‌తో చూపించుకున్నాకే డబ్బు చేతికివ్వాలి.