నడుము నొప్పికి మంచమే మందా?

నడుము పట్టేసిందనగానే మన ఇళ్ళలో మొదట వినిపించే మాట "మంచం దిగకు". ఈ సలహాకు ఆధునిక వైద్యచరిత్రలోనూ ఒక వేరు ఉంది.

19వ శతాబ్దంలో లివర్‌పూల్ వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్ (1834-1891) కీళ్ళ క్షయకు, విరిగిన ఎముకలకు ఎడతెగని దీర్ఘ విశ్రాంతే చికిత్స అని బోధించాడు. ఆయన రూపొందించిన థామస్ స్ప్లింటు మొదటి ప్రపంచయుద్ధంలో తొడ ఎముక విరిగిన సైనికులెందరినో బతికించింది. క్రమంగా ఏ ఎముకా విరగని మామూలు నడుము నొప్పికి కూడా పడకే మందుగా స్థిరపడిపోయింది.

1986లో అమెరికాలో రిచర్డ్ డేయో బృందం 203 మంది రోగులలో కొందరికి 2 రోజులు, తక్కినవారికి 7 రోజులు పడక విశ్రాంతి చెప్పి చూసింది. కోలుకోవడంలో తేడా కనిపించలేదు. 2 రోజుల జట్టువారు పని మానుకున్న దినాలు మాత్రం 45 శాతం తక్కువ. 1995లో హెల్సింకీ పరిశోధకులు 186 మందిలో పడకను, వ్యాయామాన్ని, రోజువారీ పనులను పోల్చారు. ఓర్చుకోగలిగినంత మేరకు మామూలు పనులు చేసుకున్నవారే త్వరగా తేరుకున్నారు.

కదలని కండరం బలం కోల్పోతుంది, కదిలితే ఏమవుతుందోనన్న భయం బలపడుతుంది. అయితే కాళ్ళు బలహీనపడినా, మూత్రంపై అదుపు తప్పినా, జ్వరం తోడైనా వెంటనే వైద్యుణ్ణి చూడవలసిందే.

విరిగిన ఎముకకు థామస్ చెప్పిన విశ్రాంతి సరైనదే. దానిని పట్టేసిన నడుముకు అంటగట్టడంలోనే పొరపాటు జరిగింది. ఆ పొరపాటును దిద్దడానికి దాదాపు ఒక శతాబ్దం పట్టింది.